నీలి డిప్ప ఇన్సాఫ్

ఏ ఆటలోనైనా ఫస్ట్ వచ్చినవాడికే ఇనామ్. ఇది దునియా దస్తూర్. దీన్ని తలకిందులు చేసిన ఆట ఒకటుంది. అందులో ముందు పరిగెత్తేవాడి చేతిలో ఒక్క సిక్కా పెడతారు, అందరికన్నా వెనక ఉన్నవాడికి తుపాకీ గుండంత జోరునిస్తారు. దాని పేరు మారియో కార్ట్. జపాన్‌లోని నింటెండో కంపెనీ 1992లో మొదలుపెట్టింది, ఇప్పటికీ కొత్త కొత్త భాగాలు వస్తూనే ఉన్నాయి. మీ ఇంట్లో బచ్చాలుంటే అడిగి చూడండి. ఎర్ర టోపీ, గుబురు మీసాలు, చిన్న బండి అంటే చాలు, మిగతాది వాళ్లే చెప్తారు.

మా ఖాందాన్‌లో ఈ ఆట ఒక పెద్ద బహస్‌కి దారి తీసింది. సీటు గురించి, సర్టిఫికెట్ గురించి, హఖ్ గురించి. మీ ఇళ్లలో కూడా ఆ బహస్ ఏదో ఒక రూపంలో జరుగుతూనే ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆట సంగతి. నింటెండో వాళ్లు 1990లో ఎఫ్-జీరో అనే కార్ల పందెం ఆట తెచ్చారు. దాన్ని ఒక్కరే ఆడాలి. ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడుకునే పందెం కావాలని తర్వాత అనుకున్నారు. ఒకే తెరను రెండు ముక్కలు చేస్తే అప్పటి మెషీన్ ఆ జోరు మోయలేదు. దాంతో పొడుగాటి దారులు వదిలేసి, మెలికలు తిరిగే చిన్న దారులు గీశారు. పెద్ద కార్ల బదులు కార్ట్ అనే బుల్లి బండ్లు పెట్టారు. ఇద్దరి కోసం మొదలైన ఆట 1996లో మారియో కార్ట్ 64తో నలుగురిదైంది. 2017లో స్విచ్ అనే మెషీన్ కోసం మారియో కార్ట్ 8 డీలక్స్ వచ్చింది. అది ఒక్కటే ఆరు కోట్లకు పైగా అమ్ముడుపోయింది. 2025 జూన్‌లో వచ్చిన మారియో కార్ట్ వరల్డ్‌లో ఒకేసారి 24 బండ్లు పరిగెడతాయి.

ఈ ఆట దిల్ అంతా ప్రశ్న గుర్తు ఉన్న డబ్బాలో ఉంది. దారి మీద అక్కడక్కడా డబ్బాలు తేలుతుంటాయి. ఎవరైనా గుద్దుకోవచ్చు, అందరికీ అదే డబ్బా. లోపలి నుంచి ఏం వస్తుందనేది మాత్రం మీరెక్కడున్నారో చూసి తేలుతుంది. ముందున్నవాడికి ఒక సిక్కా, ఒక అరటి తొక్క, మహా అయితే ఆకుపచ్చ తాబేటి డిప్ప. నడుమ ఉన్నవాడికి ఎర్ర డిప్ప, కాస్త జోరు పెంచే పుట్టగొడుగు. బాగా వెనకబడ్డవాడికి ఎవరూ ముట్టుకోలేని నక్షత్రం, మిగతా అందర్నీ చీమలంత చేసే పిడుగు, బండినే గుండుగా మార్చి పది మందిని దాటించే బుల్లెట్ బిల్. వీటన్నిటి మీదా బద్నామ్ అయింది నీలి డిప్ప. 1996లో వచ్చింది. వెనక నుంచి ఎవరో వదుల్తారు, అది ఫస్ట్ ఉన్నవాణ్ణి వెతుక్కుంటూ పోయి నెత్తి మీద పేలుతుంది. రేసు చివరిదాకా అందరూ పోటీలో ఉండాలనేదే తమ నీయత్ అని ఈ ఆట తయారుచేసినవాళ్లలో పెద్దాయన హిదేకి కొన్నో చెప్పారు.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. మా ఆపా వాళ్లుండేది శ్రీకూర్మంలో. శ్రీకాకుళానికి దగ్గరే, గార మండలం. విష్ణువు తాబేలు అవతారానికి గుడి ఉన్న ఊరు. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను సాకుతారు. ఆ ఊరి పిల్లలు, మన పిల్లలైనా హిందువుల పిల్లలైనా, తాబేళ్లను చూస్తూనే పెరుగుతారు. ఆపా పెద్ద కొడుకు దోహాలో పని చేస్తాడు. గడిచిన రంజాన్ ఈద్‌కి వస్తూ తమ్ముడి కోసం ఆ స్విచ్ మెషీన్ తెచ్చాడు. అది మన బజార్లో సులువుగా దొరికే సామాన్ కాదు కాబట్టి, ఈద్ మర్నాటికి వీధిలోని పిల్లలంతా ఆపా ఇంటి హాల్లోనే ఉన్నారు. షీర్ ఖుర్మా గిన్నెలు ఒక పక్క, చెప్పుల కుప్ప ఒక పక్క.

ఆ ఆటలో తాబేలు కూడా ఒక డ్రైవరే, తాబేటి డిప్పే ఆయుధం. పక్కింటి కుర్రాడు అది చూసి నిజంగా బాధపడిపోయాడు. "తాబేలు డిప్ప అలగ ఇసిరేస్తన్నాడేటి? పాపం తగల్దేటి?" అన్నాడు. నాకు ఉర్దూ మీడియం బడిలో చదివిన ఖర్గోష్, కచ్ఛువా కథ గుర్తొచ్చింది. ఆ కథలో కుందేలు నిద్రపోయింది కాబట్టి తాబేలు గెలిచింది. కుందేలు నిద్రపోకపోతే తాబేలు ఏం కావాలో మా ఉస్తాద్ చెప్పలేదు, పుస్తకంలోనూ లేదు.

మా అమ్మీకి డెబ్బై దాటాయి. మోతియా ఆపరేషన్ అయిన కళ్లు. పిల్లలు ఆమెను కూడా కూర్చోబెట్టారు. ఈ ఆటలో స్మార్ట్ స్టీరింగ్ అని ఒక సహూలత్ ఉంది. అది పెట్టుకుంటే బండి దారి తప్పి గుంటలో పడదు, తనే మలుపు తీసుకుంటుంది. గుర్తుగా బండి వెనక చిన్న యాంటెన్నా మొలుస్తుంది. దాంతో కొన్ని అడ్డదారులు మూసుకుపోతాయి, మలుపుల్లో జారి సంపాదించే అన్నిటికన్నా పెద్ద జోరు కూడా దొరకదు. పడిపోకుండా కాపాడుతుంది, అంతే. అమ్మీకి ఇవేవీ తెలీవు. "మేరీ గాడీ కౌన్‌సీ?" అని మూడు రౌండ్లూ అడుగుతూనే ఉంది.

మా భాంజా, ఆపా చిన్న కొడుకు, తొమ్మిదో తరగతి. రెండు రోజుల్లోనే మలుపులన్నీ కంఠస్తం చేశాడు. ఆ రేసులో మొదటి నుంచి వాడే ముందు. చివరి మలుపు దగ్గర నీలి డిప్ప వచ్చి నెత్తి మీద పేలింది. వాడు గిరగిరా తిరుగుతుంటే, పదకొండో నంబర్‌లో ఉన్న అమ్మీకి బుల్లెట్ బిల్ దొరికింది. బండి దానంతట అదే దూసుకుపోయి వాణ్ణి దాటేసింది. "మై కుచ్ నై కరీ, ఆపీచ్ భాగ్‌గయీ" అంది అమ్మీ, అల్లా మీద ఒట్టేసి.

వాడు రిమోట్ సోఫా మీద పడేశాడు. "యే జుల్మ్ హై మామూ! మెహనత్ నాది, గెలుపు నానీదా?"

మేం నవ్వుతున్నాం. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న నా బేటీ మాత్రం, "దాదీకేం, కోటా ఉందిగా. ఎలా నడిపినా సీటే" అంది. గొంతు తనది కాదు. ఎవరో అన్న మాటను అదే రాగంలో తిప్పి చెప్తోంది. హాల్లో నవ్వు ఆగిపోయింది.

రాత్రి మేడ మీద కూర్చున్నప్పుడు సంగతి బయటికొచ్చింది. కోచింగ్‌లో మాక్ టెస్ట్ మార్కులు పెట్టిన రోజు పక్క బెంచీ అమ్మాయి అన్నదట, "నీకేం భయం, బీసీ-ఇ కదా" అని. ఆ అమ్మాయి దుష్మనీతో అనలేదని నా బేటీయే చెప్పింది. కానీ అప్పటి నుంచి తనకొచ్చే ప్రతి మార్కు మీదా ఆ మాట కూర్చుంది. ఎంట్రన్స్ ఫారంలో కేటగిరీ దగ్గర ఓసీ అని పెడతానంది. తహసీల్దార్ ఆఫీసు నుంచి తెచ్చుకున్న సర్టిఫికెట్ ఫైల్లోనే ఉండనీ అంది. "ఆ యాంటెన్నా నాకొద్దు అబ్బా. అది ఉంటే నేను ఎంత బాగా నడిపినా జనం చూసేది దాన్నే."

నేను పేపరోణ్ణి. ఈ నాలుగు శాతం కథ మీద ఎన్నో వార్తలు రాశాను. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కార్ ముస్లింలకి 5 శాతం అంటూ జీవో ఇస్తే హైకోర్టులో నిలవలేదు. 2005లో దాన్నే చట్టంగా తెచ్చారు, అదీ నిలవలేదు. మతం మొత్తాన్ని ఒక మూటగా కట్టొద్దు, అందులో వెనకబడ్డవాళ్లెవరో తేల్చండి అన్నారు. పి.ఎస్. కృష్ణన్ నివేదిక తర్వాత 2007లో 4 శాతంతో కొత్త చట్టం వచ్చింది. షేక్, ఫకీర్, అత్తర్ సాయెబు, హజామ్, ఖురేషీ లాంటి జమాత్‌లు అందులో ఉన్నాయి. సయ్యద్, పఠాన్, మొఘల్ లేరు. దూదేకుల భాయీలు ముందు నుంచే బీసీ-బి. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దీన్నీ కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో ప్రాణం నిలిచింది. ఆ తర్వాత మన పిల్లలు చదివిన చదువులన్నీ ఆ మధ్యంతరం నీడలోనే.

ఇదంతా చెప్తే బేటీకి తెలుసు. తను అడిగేది వేరు. కాబట్టి ఆ రాత్రి నేను ఆట భాషలోనే జవాబిచ్చాను.

స్మార్ట్ స్టీరింగ్ వేరు, డబ్బా వేరు అన్నాను. యాంటెన్నా నీ బండిని ఎవరో నడిపిపెట్టడం. ఎంట్రన్స్‌లో లెక్కలు నీకోసం ఎవరూ చెయ్యరు. ప్రశ్నపత్రం అదే, టైమ్ అదే. కేటగిరీ అనేది దారి మీది డబ్బా. అందులోంచి ఏం వస్తుందో నువ్వున్న చోటు చూసి తేలుతుంది. బీసీ-ఇ అని రాసిన అమ్మాయికి ఓపెన్ కటాఫ్ దాటే ర్యాంకు వస్తే ఆమెకు ఓపెన్ సీటే ఇస్తారు, కోటాలోంచి ఒక్క సీటు కూడా తగ్గదు. అంటే ముందున్నవాడికి డబ్బా సిక్కానే ఇస్తుంది. చాలామంది అమ్మానాన్నలకి ఈ సంగతి తెలీదు, అందుకే ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. బీసీ-ఇ అని రాయడం అంటే ఓపెన్ పోటీలోంచి తప్పుకోవడం కాదు.

ఇంకో మాట కూడా చెప్పాను. ఆ ఆటలో రెండు రకాల సామాన్లున్నాయి. పుట్టగొడుగు, బుల్లెట్ లాంటివి వెనకవాణ్ణి ముందుకి తోస్తాయి. నీలి డిప్ప, పిడుగు ముందున్నవాణ్ణి కొడతాయి. మీ పక్క బెంచీ అమ్మాయి మన నాలుగు శాతాన్ని నీలి డిప్ప అనుకుంటోంది. అది పుట్టగొడుగు. వంద సీట్లలో నాలుగు. ఆమె బండిని ఎవరూ పేల్చలేదు. కానీ ఒక్క ర్యాంకులో సీటు పోగొట్టుకున్న పిల్లకి ఈ ఫరఖ్ చెప్పి ఒప్పించలేం. పక్క నుంచి ఇంకో బండి దాటిపోయినా నొప్పి నొప్పే. దాన్ని నేను కాదనను.

నా సంగతీ చెప్పాను, ఎందుకంటే తను అడిగింది. ఉర్దూ మీడియం స్కూల్లో చదివి తెలుగు డిగ్రీలో చేరినప్పుడు బీసీ-ఇ అనే మాటే పుట్టలేదు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ సాగాలో చాయ్ హోటల్లో పేపర్ చదివి నేర్చుకున్నాను. ఛందస్సు క్లాసులో యతి, ప్రాస చెప్తుంటే నా బుర్రలో గజల్ కాఫియా, రదీఫ్ మోగేవి. వాటిని పట్టుకునే గట్టెక్కాను. నాతో పాటు ఉర్దూ మీడియం నుంచి వచ్చినవాళ్లలో చాలామంది మొదటి మలుపులోనే ఆగిపోయారు. వాళ్లు నాకన్నా తక్కువ వాళ్లేం కాదు. వాళ్ల దారిలో డబ్బా లేదు, అంతే.

బేటీ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

"అబ్బా, మీరు వెనక నుంచి మొదలుపెట్టారు. నేను కాదు కదా. మీరు జర్నలిస్టు. నాకు కోచింగ్ ఉంది, ఇంట్లో ఇంటర్నెట్ ఉంది. మన ఫకీర్ల పిల్లలు, మటన్ కొట్టువాళ్ల పిల్లలు కూడా బీసీ-ఇనే. నేను ఆ డబ్బా గుద్దుకుంటే వాళ్ల పుట్టగొడుగు నేను తీసుకున్నట్టు కాదా?"

ఇక్కడే ఆట, జిందగీ విడిపోతాయి. ఆటలో ఎవరెంత వెనకున్నారో మెషీన్ క్షణక్షణం కొలుస్తుంది. నీ అబ్బా ఎక్కడున్నాడని అడగదు, నీ జమాత్ పేరు అడగదు. సర్కారుకి అంత సన్నని కళ్లు లేవు. అది జమాత్ మొత్తాన్ని ఒక బండిగా చూస్తుంది. మరో ఫరఖ్ ఉంది. ఆటలో ప్రతి రేసూ కొత్తది, అందరి బండ్లూ మళ్లీ ఒకే గీత దగ్గర నిలబడతాయి. మన రేసు తాతల నాడు ఆగిన చోటు నుంచే మొదలవుతుంది. ఒక రౌండు ముందున్నవాడి బేటీ ఆ రౌండు తనతో తెచ్చుకుంటుంది. నా బేటీ అడిగింది ఆ సంగతే. మన జమాత్‌లోనే ముందున్నవాళ్లు ఎక్కడి దాకా డబ్బా గుద్దుకోవాలి? దీనికి నా దగ్గర పూరా జవాబు లేదు. ఒక్కటి మాత్రం చెప్పాను. నీ ర్యాంకు ఓపెన్‌లో వస్తే ఎవరి పుట్టగొడుగూ పోదు. రాకపోతే, ఇంత సహూలత్ ఉండి కూడా నువ్వు ఇంకా వెనకే ఉన్నావన్నమాట. ఒక తరం డిగ్రీతో దూరం తీరలేదన్నమాట. అప్పుడు సీటు తీసుకుంటావో వదులుతావో నువ్వే సోంచుకో. వదలాలంటే అప్పుడు వదలొచ్చు. ఫారంలోనే ఓసీ అని రాసి ముందే దాక్కోవడం ఎందుకు?

కింద హాల్లో ఇంకో పంచాయితీ నడుస్తోంది. అమ్మీ నా భాంజాను పక్కన కూర్చోబెట్టుకుని హుజూర్ (స) ఒంటె కథ చెప్తోంది. బుఖారీ షరీఫ్‌లో ఉన్న వాఖియానే. అద్బా అనే ఆడ ఒంటె, పరుగులో దాన్ని దాటిన ఒంటె లేదు. ఒకరోజు ఎడారి నుంచి వచ్చిన ఒక బద్దూ మామూలు పడుచు ఒంటె మీద వచ్చి దాన్ని దాటేశాడు. సహాబాల మనసు చివుక్కుమంది. హుజూర్ మాత్రం నొచ్చుకోలేదు. ఈ దునియాలో పైకెక్కిన ఏ చీజ్‌నైనా అల్లా కిందికి దించకుండా ఉండడని వాళ్లకి సముదాయించారు. "తూ కౌన్‌సా బడా రే?" అని వాడి నెత్తి మీద ఒకటి మొట్టింది అమ్మీ. వాడు నవ్వాడు. నీలి డిప్పకి ఇంతకన్నా మంచి తఫ్సీర్ నేను వినలేదు. ముందున్నవాడికి గురూర్ రాకూడదు, వెనకున్నవాడికి మాయూసీ రాకూడదు. ఒకే డిప్ప ఇద్దరికీ సబఖ్ చెప్తుంది.

అయితే ఆటలో ముందున్నవాడికి కూడా ఒక హిఫాజత్ ఉంది. 2014లో వచ్చిన మారియో కార్ట్ 8 నుంచి సూపర్ హార్న్ అనే బూరా ఇస్తున్నారు. సరైన వక్తులో మోగిస్తే నీలి డిప్ప కూడా పగిలిపోతుంది. భాంజా మర్నాడు ఆ కిటుకు కనిపెట్టాడు. అది దొరికితే ఖర్చు పెట్టకుండా చివరి మలుపు దాకా దాచుకోవడం నేర్చాడు. వాడు గెలిచిన రేసులూ ఉన్నాయి, ఓడినవీ ఉన్నాయి. రిమోట్ మాత్రం మళ్లీ విసరలేదు.

ఈ ఆట ఆడనివ్వచ్చా అని అడిగే అమ్మీ అబ్బాలకి ఒక మాట. 2019లో సెల్‌ఫోన్ కోసం మారియో కార్ట్ టూర్ అని ఒకటి తెచ్చారు. అందులో రూబీలు కొని, ఒక గొట్టాన్ని పేల్చి, ఏ డ్రైవర్ రాలుతాడా అని చూసే లాటరీ ఉండేది. డబ్బు పెట్టి నసీబ్ చూసుకోవడానికి మనవాళ్లు ఏం పేరు పెడతారో మీకు తెలుసు. 2022లో ఆ గొట్టాలు తీసేశారు. స్విచ్ మీద ఆడే ఆటలో అలాంటిదేమీ లేదు. ఒకసారి కొంటే నలుగురూ ఒకే పరదా ముందు కూర్చుని ఆడొచ్చు. నమాజ్ వక్తుకి ఆపెయ్యాలి, చదువు వక్తుకి ఆపెయ్యాలి. అది ఏ ఆటకైనా ఉన్న షరతే. హుజూర్ (స), హజ్రత్ ఆయెషా (రజి) పరుగు పందెం పెట్టుకున్న ఇంటివాళ్లం మనం. ఒకసారి ఆమె గెలిచారు, తర్వాత ఇంకోసారి ఆయన గెలిచారు. ఇంట్లో పందెం ఐబ్ కాదు.

సెలవులైపోయి తిరిగొచ్చాక, ఫారం గడువుకి రెండు రోజుల ముందు బేటీ నన్ను పిలిచింది. కంప్యూటర్ తెర మీద కేటగిరీ దగ్గర బీసీ-ఇ అని ఉంది. నేనేమీ అనలేదు. తనే అంది, "ఓపెన్‌లో రావాలనే నడుపుతున్నా అబ్బా. డబ్బా నాకు సిక్కా ఇస్తే చాలు. ఇంకేమైనా ఇస్తే అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం."

మా జిల్లా పాత పేరు చికాకోల్. నవాబుల జమానాలో ఖజానా మూటలు విప్పిన చోటు కాబట్టి సిక్కా ఖోల్ అన్నారని పెద్దలు ఒక కథ చెప్తారు. నా బేటీ కోరుకునేది ఒక్క సిక్కా. ర్యాంకు ఇంకా రాలేదు. దువా చేయండి, నా బేటీకి, ఆ పక్క బెంచీ అమ్మాయికి కూడా.